ఇటుకల పండగ నాటి కంటైనరు

గోడౌన్లలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "కంటైనరు లోడింగుకి చక్రాల ర్యాంపు కొంటున్నాం సార్, ఏది తీసుకోమంటారు?" అని అడుగుతారు. ఈ ఏజెన్సీ కొండల్లోకి ఆ వస్తువుని మొదట తెచ్చినవాణ్ణి నేనేనని వాళ్ళకి ఎవరో చెప్పి ఉంటారు. ఎత్తెంత, బరువెంత, ఫోర్క్‌లిఫ్ట్ ఎన్ని టన్నులది అని నేనూ పెద్దమనిషిలా నాలుగు ప్రశ్నలు వేసి, నాలుగు సలహాలు పారేస్తాను. అసలు చెప్పాల్సింది మాత్రం చెప్పకుండా ఫోన్ పెట్టేస్తాను. అది ఫోన్లో చెప్పే సంగతి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది విజయనగరం పక్క పల్లపు ఊరు. హుకుంపేట దాటాక అరకు వెళ్ళే రోడ్డు మీద ఒక కాఫీ సంస్థ గోడౌనులో పదిహేనేళ్ళు సూపర్‌వైజరుగా పనిచేసి, రెండేళ్ళ కింద రిటైరయ్యాను. కొండ మీద రైతులు ఎండబెట్టి తెచ్చిన కాఫీని మా దగ్గర పొట్టు తీసి, గ్రేడు చేసి, గోనెల్లో కుట్టేవాళ్ళు. మార్చి నుంచి మే దాకా అవి కంటైనర్లలో విశాఖ రేవుకి దిగేవి. పెద్ద కంటైనరు ఘాట్ రోడ్డు మలుపులు తిరగలేదు గనక మాకు ఇరవై అడుగులవే వచ్చేవి.

లారీ మీద ఉన్న కంటైనరు అడుగు, నేల నుంచి చూస్తే మనిషి ఛాతీ ఎత్తు ఉంటుంది. దానికి మందపాటి చెక్క పలక ఆనించి, బస్తాని వీపున వేసుకుని ఆ పలక మీద నడిచి లోపల పడేయాలి. ఆ పని చేసేది తొమ్మిదిమంది కళాసీలు. అందరిదీ మా యార్డు వెనక కొండ మీదున్న ఒకటే ఊరు. వాళ్ళ మేస్త్రీకి అప్పటికి యాభై దాటాయి. పొట్టి మనిషి, మాట తక్కువ. నన్ను "బాబూ" అంటూనే "నువ్వు" అనేవాడు. ఏజెన్సీలో కలెక్టరుని కూడా అలాగే పిలుస్తారు, అందులో అమర్యాద ఏమీ ఉండదు. వచ్చిన కొత్తలో నాకు మాత్రం చురుక్కుమనేది.

మేస్త్రీకి ఒక అలవాటుంది. లారీ వచ్చి నిలబడగానే చెప్పులు విప్పేవాడు. కుళాయి దగ్గర ఇత్తడి చెంబుతో నీళ్ళు పట్టి తెచ్చి, వెనక చక్రాల పక్కన నేల మీద మెల్లగా పోసేవాడు. గొంతుక్కూర్చుని కాసేపు దాన్నే చూసేవాడు. అప్పుడు లేచి చక్రాలకి రాళ్ళు పెట్టించి, పలక ఆనించేవాడు. నేను దాన్ని భూమికి చేసే పూజ అనుకున్నాను. పల్లపు వాళ్ళకి కొండ వాళ్ళు ఏం చేసినా పూజలాగే కనబడుతుంది. ఒకసారి మేనేజరు విసుక్కుంటే, "వాళ్ళ ఆచారం సార్, కాదనకూడదు" అని నా పెద్దమనసు కూడా చాటుకున్నాను.

మా తలనొప్పల్లా చైత్రంలో వచ్చే ఇటుకల పండగ. ఆ రోజుల్లో కొండ ఊళ్ళలో మగవాళ్ళు అడవికి వేటకి పోతారు, పనిలోకి ఎవరూ రారు. వేట దొరక్కుండా వట్టి చేతుల్తో తిరిగొచ్చిన వాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి నవ్వుతారు. ఆ ఆడవాళ్ళే దారికి అడ్డంగా కర్ర పట్టుకుని నిలబడి, పండగ మామూలు ఇస్తేగానీ బండి వదలరు. ఓడకి ఈ పండగ సంగతి తెలియదు కదా. వరసగా రెండేళ్ళు కంటైనరు యార్డులో నిలబడిపోయి, సరుకు ఓడ తప్పింది. రెండుసార్లూ మేనేజరు నన్ను నిలబెట్టి కడిగేశాడు. ఈ పండగతో పనిలేకుండా లోడు చేయించి చూపించాలన్న పట్టుదల అప్పుడు పుట్టింది నాలో.

విశాఖ పక్క ఒక గోడౌనులో చక్రాల ర్యాంపు ఉందని విని చూడ్డానికి వెళ్ళాను. లారీ కన్నా పొడవైన ఇనుప వాలు అది. ఫోర్క్‌లిఫ్ట్‌తో లాక్కొచ్చి కంటైనరు వెనక పెడతారు. పై చివర నాలుకలాంటి ఇనుప పలక కంటైనరు నేల మీద ఆనుతుంది. దాన్ని రెండు గొలుసులతో కంటైనరు మూలలకి బిగిస్తారు. ఫోర్క్‌లిఫ్ట్ చెక్క ప్యాలెట్ మీద పేర్చిన పన్నెండు బస్తాల్ని ఒక్కసారి ఎత్తుకుని, నేల మీద నుంచి తిన్నగా కంటైనరులోకి వెళ్ళిపోతుంది. నేను అక్కడే ఒక పూటంతా నిలబడి చూశాను. నా మోజు అంతా ఇంతా కాదు.

వెనక్కొచ్చి కొలతలు తీశాను. కంటైనరు ఎత్తు, తలుపు వెడల్పు, ఫోర్క్‌లిఫ్ట్ వెడల్పు, ఖాళీ లారీకీ నిండు లారీకీ ఎత్తులో తేడా, అన్నీ రాసుకున్నాను. "మన యార్డు చిన్నది కదయ్యా" అని మేనేజరు గొణిగితే, రెండు పేజీల నోటు రాసి అతని నోరు మూయించాను. అమ్మే కంపెనీ మనిషి ఫోన్లో, "నేల ఎలా ఉంటుందండీ?" అని అడిగాడు. "గట్టి నేల" అన్నాను. కంకర కలిపిన ఎర్రమట్టి, గట్టిదే. కానీ అతను అడిగింది ఆ ఒక్క సంగతే కాదని నాకు తట్టలేదు.

నేను కొలవనిది ఒకటుంది. చెక్క పలకతో లోడు చేసినన్నాళ్ళూ లారీ గోడౌను గుమ్మానికి దగ్గరగా నిలబడేది. ఇంత పొడవు ర్యాంపు మధ్యలో పట్టాలంటే లారీ చాలా ముందుకి, గేటు వైపుకి జరిగి నిలబడాలి. మా యార్డు నడిమి కాస్త ఉబ్బెత్తు. అక్కడినుంచి వెనక్కి గోడౌను వైపు వాలు, ముందుకి గేటు వైపు వాలు. లారీ ఆ ఉబ్బెత్తు దాటి గేటు వైపు వాలులోకి పోతుందన్నమాట. కంటికి మాత్రం అలా తెలియదు. గేటుకి ఎదురుగా కొండ నిటారుగా ఉండడం వల్ల యార్డంతా గోడౌను వైపే వాలినట్టు కనబడుతుంది. పదేళ్ళపైగా రోజూ ఆ నేల మీద నడిచినవాణ్ణి, నాకూ అలాగే కనబడింది.

ర్యాంపు పండగకి నాలుగు రోజుల ముందు దిగింది. మా చిన్న లారీని ఎప్పటి చోటే నిలబెట్టి, ర్యాంపుని ఐమూలగా ఇరికించి, ఒకసారి ఎక్కించి చూశాం. బాగానే పనిచేసింది. కళాసీలంతా చుట్టూ మూగారు. మేస్త్రీ దాని మీద పైదాకా నడిచి, కిందకి దిగి, "బాగుంది బాబూ. మోకాళ్ళకి సుకం" అన్నాడు. కాసేపు తచ్చాడి, "మరి మా పనేటి?" అన్నాడు.

"లోపల బస్తాలు పేర్చి నెట్టు కట్టడానికి మనుషులు కావాలి కదా. మీ పని మీకు ఉంటుంది" అన్నాను.

"తొమ్మండుగురికీనా?"

"తొమ్మండుగురికీ" అన్నాను. అప్పటికి అది అబద్ధం కాదు, మేనేజరుతో మాట్లాడే చెప్పాను. ఆ ఊళ్ళో అంతమందికి, దింపుడూ లోడింగూ కలిపి, ఏడాదిలో నాలుగైదు నెలలు నమ్మకంగా దొరికే పని మాదొక్కటే. మిగతా రోజులు కొండ మీద రాగులు, సామలు, తలా కొంచెం కాఫీ మొక్కలు.

పండగ ముందురోజు మేస్త్రీకి ఫోన్ చేశాను. "రేపు ఇద్దర్ని తీసుకుని రా. మోత లేదు, లోపల నెట్టు కట్టడమే."

"ఇటుకల పండగ కదేటి బాబూ. ఏటకి ఎల్లకపోతే ఆడోళ్ళు ఊరుకోరు."

"ఒక్క పూట మేస్త్రీ. ఈసారి ఓడ తప్పితే నా పరువు పోతుంది."

"నీ మాట తీసెయ్యనేను. ఒత్తాన్లే" అన్నాడు. పండగతో పనిలేకుండా లోడు చేయిస్తానని గొప్పలు పోయినవాణ్ణి, పండగలోంచే మనిషిని లాక్కొచ్చాను. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే రావాల్సిన కంటైనరు మధ్యాహ్నం దాటాక వచ్చింది. దారిలో మూడు ఊళ్ళ దగ్గర ఆడవాళ్ళు కర్ర అడ్డం పెట్టి ఆపారని డ్రైవరు నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. తెల్లారేసరికి బండి రేవు గేటు దగ్గర ఉండాలి. మేనేజరు అప్పటికే నాలుగుసార్లు ఫోన్ చేశాడు. మేస్త్రీ భుజం మీద కొత్త తుండుతో, ఇద్దరు కళాసీలతో వచ్చి కూర్చున్నాడు. "పేడనీళ్ళు పడకముందే పారొచ్చీసేను బాబూ" అని పళ్ళు బయటపెట్టి నవ్వాడు.

లారీని ముందుకి నిలబెట్టించాను. డ్రైవరు హ్యాండుబ్రేకు వేశాడు. "రాళ్ళు వెనక పెట్టించు, వాలు గోడౌను వైపే" అని నేనే చెప్పాను. క్లీనరు చక్రాల వెనక వైపు రాళ్ళు పెట్టాడు. కొండ దారిలో బండి నడిపేవాళ్ళు వాలు ఏ పక్కుంటే ఆ పక్కే రాయి పెడతారు, రెండో పక్క పెట్టరు. ర్యాంపు లాక్కొచ్చి నాలుక ఆనించి గొలుసులు బిగించాం. అప్పటికి మేస్త్రీ చెప్పులు విప్పి, చెంబుతో నీళ్ళు పట్టుకుని వస్తున్నాడు.

నేను వాచీ చూసుకున్నాను. "ఇవాళ పూజలు తర్వాత మేస్త్రీ. టైం లేదు. బేగి ఎక్కండి" అన్నాను.

"రొండు నిమసాలు బాబూ. ఈ సోటు కొత్త కదా."

"చెప్పాను కదా" అన్నాను. నా గొంతు అంత కటువుగా ఉంటుందని నాకే తెలియదు. అతను చెంబు పట్టుకుని ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత దాన్ని గోడ పక్కన పెట్టి, చెప్పులు తొడుక్కుని కంటైనరు ఎక్కాడు. ఆ క్షణం గురించి ఇప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. రెండు నిమిషాలు అడిగాడు మనిషి.

ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు అనకాపల్లి వైపు నుంచి వచ్చిన మనిషి, నలభై ఏళ్ళవాడు, మంచి చెయ్యి. బస్తాలు చకచకా లోపలికి పోతున్నాయి. కంటైనరు సగం నిండాక అతను దిగి, "గొలుసులు వదులయ్యాయండీ. బిగించి ఎక్కుతాను" అన్నాడు. బరువు పెరిగేకొద్దీ లారీ కమానులు కుంగి కంటైనరు కిందకి దిగుతుంది, గొలుసు సడలుతుంది. అది మామూలే, మధ్యమధ్యలో బిగించాలని మేనేజరుకిచ్చిన నోటులో నేనే రాశాను. "ఇంకో నాలుగు ట్రిప్పులు పోనీ, అప్పుడు చూద్దాం" అన్నాను.

ఫోర్క్‌లిఫ్ట్ లోపలికెళ్ళి బ్రేకు వేసినప్పుడల్లా లారీ ముందుకి, గేటు వైపుకి, రవ్వంత జరుగుతోంది. రాళ్ళు వెనక ఉన్నాయి, ముందు ఏమీ లేదు. అందరం బస్తాల వంకే చూస్తున్నాం, చక్రాల వంక చూసినవాడు లేడు. మూడో ట్రిప్పులో నాలుక అంచు జారిపోయింది. ఫోర్క్‌లిఫ్ట్ ముందు చక్రాలు ఆ సందులోకి దిగబడ్డాయి. నడిపేవాడు పక్కకి దూకేశాడు. పన్నెండు బస్తాలూ చెక్క ప్యాలెట్‌తో సహా కంటైనరు తలుపు దగ్గర నిలబడి చెయ్యూపుతున్న మేస్త్రీ మీదకి జారాయి. అతని ఎడమకాలు ప్యాలెట్ కింద ఉండిపోయింది.

బస్తాలు లాగి పడేసి అతన్ని బయటికి తీసేసరికి చాలా సేపు పట్టింది. జీపులో అరకు, అక్కణ్ణించి అంబులెన్సులో విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. కాలు తీసెయ్యక్కర్లేదన్నారు, కానీ మోకాలు ఇక మడత పడదన్నారు. బరువు మొయ్యడం మాట అడగొద్దన్నారు.

రెండోరోజే మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. "హెడ్డాఫీసుకి రిపోర్టు పంపాలి. ర్యాంపు వద్దంటే విన్నావు కాదు. రెండు పేజీల నోటు నీదే, సంతకమూ నీదే. ఏం రాస్తావో నువ్వే చూసుకో" అన్నాడు. ఆయన ఫలానా రాయమని చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన మీదకి తోసేసే వీలైనా ఉండేది నాకు. తలుపేసుకుని కూర్చుని నేనే రాశాను. చక్రాలకి రాళ్ళు సరిగా పెట్టడంలో కళాసీల అజాగ్రత్త వల్ల లారీ జరిగిందని రాశాను. రాళ్ళు పెట్టింది లారీ క్లీనరని, ఏ వైపు పెట్టాలో చెప్పింది నేనని రాయలేదు. గొలుసు బిగిస్తానంటే వద్దన్నానని రాయలేదు. కింద మేస్త్రీ వేలిముద్రకి చోటు వదిలాను.

మూడోరోజు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. కాలికి కట్లతో పడుకుని ఉన్నాడు. పక్కన అతని భార్య నేల మీద కూర్చుంది. నన్ను చూసి ఆమె కొంగు సర్దుకుని లేచింది. "ఆ రోజు నీ పూజ చెయ్యనిచ్చినా బాగుండేది మేస్త్రీ" అన్నాను. నిజానికి ఏదో ఒకటి అనాలని అన్నాను.

అతను నా వంక వింతగా చూశాడు. "పూజేటి బాబూ? నీరు ఎటేపు ఎల్తాదో సూత్తాం. నీరెటెల్తే బండీ అటెల్తాది. అటేపు రాయెడతాం."

"మరి చెప్పులు విప్పుతావే?"

"నేల మెత్తగుందో గట్టిగుందో కాలికే తెలుత్తాది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ పక్కనే నిలబడి చూస్తూ, ఒక్కరోజు కూడా "ఏం చేస్తున్నావు" అని అడగలేదు. అడక్కపోగా ఆచారమని పేరుపెట్టి గౌరవించాను. ఆ గౌరవం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు, నా మీద నాకే.

"నా కాలు సంగతి పోనీ బాబూ. మావోళ్ళ పని ఉంటాదా?" అన్నాడు.

"ఉంటుంది" అన్నాను. అలా అంటూనే జేబులోంచి కాగితం తీశాను. ప్రతి సీజనూ కళాసీల హాజరు పట్టీ మీద వేలిముద్ర వేయించే ముందు పై నుంచి కింద దాకా అతనికి చదివి వినిపించేవాణ్ణి. నాకు అదొక నియమం. నేను అలా చదువుతానని మిగతా కళాసీ ముఠాల వాళ్ళకి కూడా అతను గొప్పగా చెప్పేవాడు. ఆ రోజు, "ఆఫీసు కాగితం, ఇక్కడొక వేలిముద్ర కావాలి" అన్నాను. అతను చెయ్యి చాపాడు. బొటనవేలికి సిరా నేనే రాసి, కాగితం మీద నేనే నొక్కాను. అతని వేలు బరువుగా, వేడిగా ఉంది.

తర్వాత జరిగింది ఊహించడం కష్టం కాదు. మేస్త్రీ వేలిముద్రతో సహా తప్పు ఒప్పుకున్న కాగితం చేతికొచ్చాక హెడ్డాఫీసు ఊరుకుంటుందా? ఈ ముఠాకి భద్రత తెలియదని తేల్చేసి, వచ్చే సీజనుకి లోడింగు పని పల్లం నుంచి వచ్చిన కాంట్రాక్టరుకి ఇచ్చేశారు. తొమ్మండుగురిలో ఒక్కడికీ పని మిగల్లేదు. నేను మేనేజరు దగ్గరికి వెళ్ళి బతిమాలాను. "నువ్వు రాసిందే కదయ్యా" అన్నాడు.

ఇంకో ముచ్చట చెప్పాలి, నవ్వుకుంటే నవ్వుకోండి. యార్డంతా సిమెంటు చేయించారు. ర్యాంపు అప్పట్నించి ఏ గొడవా లేకుండా పనిచేసింది. రెండేళ్ళకి సంస్థ వాళ్ళు సూపర్‌వైజర్లందరినీ పోగుచేసి, ర్యాంపు జాగ్రత్తల మీద పాఠం చెప్పమని నన్నే నిలబెట్టారు. చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టండి, గొలుసు మాటిమాటికీ బిగించండి, కొత్తచోట బండి నిలబెడితే చెంబుడు నీళ్ళు పోసి వాలు చూసుకోండి అని చెప్పాను. నీళ్ళ మాటకి అందరూ మెచ్చుకున్నారు. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పలేదు. శాలువా కప్పారు, కప్పించుకున్నాను.

ఉద్యోగంలో ఉండగా ఆ ఊరు వెళ్ళే ధైర్యం చాల్లేదు. రిటైరైన నెలకి వెళ్ళాను. మేస్త్రీ ఇంటి ముందు అరుగు మీద కాలు బారజాపుకుని, చేటలో కాఫీ గింజలు ఏరుతున్నాడు. పక్కన చేతికర్ర ఉంది. నన్ను చూసి, "బాబు ఒచ్చాడే, మంచం ఎయ్యి" అని లోపలికి కేకేశాడు. ముఠాలో నలుగురు చెన్నై వైపు బిల్డింగు పనులకి పోయారనీ, ఇద్దరు రాజమండ్రి ఇటుక బట్టీల్లో ఉన్నారనీ చెప్పాడు. పండక్కి కూడా అందరూ రావడం లేదన్నాడు. తన పెద్దకొడుకు ఆ నలుగురిలో ఒకడు.

నేను ఎలాగో నోరు విప్పాను. ఆ కాగితంలో ఏం రాశానో మొత్తం చెప్పాను. చదువుకున్న మాటలు వాడకుండా, తప్పు మీమీద పెట్టాను, అందుకే మీ పని పోయింది అని చెప్పాను. అతని చేతులు గింజల మీద ఆగలేదు.

"తెలుసు బాబూ" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు."

సంస్థకి ఇప్పుడైనా ఉత్తరం రాస్తాను, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెడతాను అన్నాను.

"ఇప్పుడు రాత్తే ఎవులికి పనొత్తాది? మావోళ్ళు ఎల్లిపోనారు కదా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆఖరికి ఉండబట్టలేక అడిగాను. "తెలిసీ వేలిముద్ర ఎందుకు వేశావు మేస్త్రీ? చదవమని ఒక్కమాట అడగాల్సింది."

అతను ఏరడం ఆపి, చేట పక్కన పెట్టాడు.

"అడుగుదామనే అనుకున్నాను బాబూ. ఎప్పుడూ సదివేవోడివి, ఆ రోజు సదవనేదు. ఏదో ఉందని అప్పుడే తెలిసింది. అడిగితే నువ్వు నా మొకం సూసి ఇంకో అబద్దం ఆడాల. అది నీకు కట్టమవుతాదని ఏలు ఇచ్చీసేను."